ఖాళీ పెట్టె వెనక్కి వస్తేనే వ్యాపారం

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

తయారుచేసి, ఒకసారి వాడి, పారేయడంతో కథ ముగిసిపోకుండా పెట్టెను గానీ, అది తయారైన పదార్థాన్ని గానీ మళ్లీ మళ్లీ వాడుకలోకి తెచ్చే పద్ధతిని వర్తుల ఆర్థిక వ్యవస్థ అంటున్నారు. ప్యాకేజింగ్ పరిశ్రమలో ఈ పద్ధతి వ్యాపారంగా గిట్టుబాటవుతుందా అన్నది ఈ శీర్షికకు ఇటీవల అందిన ఉత్తరాలలో ఎక్కువగా కనిపించిన ప్రశ్న. ఒకే సందేహాన్ని పలువురు వెలిబుచ్చిన చోట ఒకటిగా కలిపి జవాబిస్తున్నాము.

ప్రశ్న: నేను చాలా ఏళ్లుగా రవాణా పెట్టెలు తయారుచేసి అమ్ముతున్నాను. ఎన్ని పెట్టెలు అమ్ముడైతే నాకు అంత ఆదాయం. ఒకే పెట్టెను పదిసార్లు వాడుకోవచ్చునని కొనేవారికి నేనే చెబితే నా అమ్మకాలు పదో వంతుకు పడిపోవా? ఇది కూర్చున్న కొమ్మను నరుక్కోవడం కాదా?
- ఒక తయారీదారు

జవాబు: మీ భయం నిరాధారమైనది కాదు. అమ్మే పద్ధతిని అలాగే ఉంచి పెట్టెను మాత్రం పది రెట్లు గట్టిగా చేస్తే మీరన్నట్టే జరుగుతుంది. ఆ మన్నిక వల్ల కలిగే ఆదా అంతా కొన్నవారికి పోతుంది, దానికైన ఖర్చు మీ తలపై పడుతుంది. అందువల్ల ఈ రంగంలో నిలదొక్కుకున్నవారు పెట్టెకన్నా ముందు దాని యాజమాన్యాన్ని మార్చారు. పెట్టె తయారీదారు సొత్తుగానే ఉంటుంది. వాడుకున్నవారు ఒక్కో ప్రయాణానికి ఇంత అని అద్దె చెల్లిస్తారు. అప్పుడు పెట్టె ఎంతకాలం మన్నితే మీకు అంత మేలు. చవకబారు మూలకట్టు వేసి త్వరగా విరిగిపోయేటట్టు చేయాలన్న ఆలోచన ఎవరికైనా ఉంటే, అది ఈ పద్ధతిలో తనంతట తానే పోతుంది.

ఇదేమీ నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం ఆస్ట్రేలియాలో వదిలి వెళ్లిన ఫోర్క్‌లిఫ్టులను, సరుకు పేర్చి ఎత్తే చదునైన చెక్క వేదికలైన ప్యాలెట్లను నిర్వహించడానికి అక్కడి ప్రభుత్వం కామన్వెల్త్ హ్యాండ్లింగ్ ఎక్విప్‌మెంట్ పూల్ అనే వ్యవస్థను నడిపింది. ఆ పేరులోని మొదటి అక్షరాల కూర్పే నేడు నీలిరంగు ప్యాలెట్లపై కనిపించే ‘చెప్’. అది తరువాత బ్రాంబుల్స్ కంపెనీ చేతికి వచ్చి, ప్యాలెట్లను అమ్మకుండా అద్దెకు తిప్పే వ్యాపారంగా అనేక దేశాలకు విస్తరించింది. ఐరోపాలో 1961లో రైల్వే సంస్థలు మొదలుపెట్టిన పద్ధతి కొంత వేరు. అక్కడ ప్యాలెట్‌కు 800 మిల్లీమీటర్ల వెడల్పు, 1200 మిల్లీమీటర్ల పొడవు అని ఒకే కొలత నిర్ణయించుకున్నారు. సరుకుతో పది ప్యాలెట్లు దించినవారు అక్కడి నుంచి పది ఖాళీ ప్యాలెట్లు ఎక్కించుకుపోతారు. ఎవరి ప్యాలెట్ ఎవరికి చేరిందన్న పట్టింపు లేదు. మొదటిది అద్దె, రెండవది మార్పిడి. ఈ రెండింటిలో ఏది మీకు సరిపోతుందన్నది మీ పెట్టె కొలతను పోటీదారులు కూడా అంగీకరిస్తారా లేదా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. అంగీకరించకపోతే మార్పిడి మాటే ఉండదు, అద్దె ఒక్కటే దారి.

ఇక అసలు లెక్కకు వద్దాం. ఈ వ్యాపారంలో లాభనష్టాలను తేల్చేది పెట్టె ఖరీదు కన్నా, బయటికి వెళ్లిన పెట్టెలలో ఎన్ని తిరిగి వస్తాయన్న అంకె. ప్రతి ప్రయాణంలో నూటికి తొంభై పెట్టెలు వెనక్కి వస్తున్నాయనుకుంటే, ఒక పెట్టె సగటున పది ప్రయాణాలు చేసి ఎక్కడో ఒక చోట పోతుంది. తొంభై అయిదు వస్తే సగటు ఇరవై ప్రయాణాలకు చేరుతుంది. తొంభై ఎనిమిది వస్తే యాభైకి. ఎనభై మాత్రమే వస్తే అయిదు ప్రయాణాలతో సరి. తొంభైకీ తొంభై అయిదుకూ మధ్య ఉన్న తేడా అయిదేనని చాలామంది తేలికగా తీసుకుంటారు గానీ, పెట్టె ఆయుర్దాయం అక్కడ రెట్టింపవుతోంది.

దీనిని ఖర్చులోకి మార్చి చూడండి. ఒక్కసారి వాడి పారేసే అట్టపెట్టె ఖరీదు ఒక వంతు అనుకుందాం. మీ గట్టి క్రేటు ఖరీదు పన్నెండు వంతులు. ప్రతి ప్రయాణానికీ దానిని వెనక్కి తెచ్చి కడిగి సిద్ధం చేయడానికి 0.3 వంతు అవుతుందనుకుందాం. తొంభై శాతం వాపసు వస్తే ప్రయాణానికి క్రేటు ఖర్చు 1.2, దానికి 0.3 కలిపితే 1.5. అంటే పారేసే పెట్టెకన్నా సగం ఎక్కువ. తొంభై అయిదు శాతం వస్తే 0.6కు 0.3 కలిసి 0.9 అవుతుంది, బొటాబొటీగా బయటపడతారు. తొంభై ఎనిమిది శాతం వస్తే, యాభై ప్రయాణాలను తట్టుకునే దిట్టతనం క్రేటుకు ఉంటే, 0.24కు 0.3 కలిసి 0.54 అవుతుంది. అదే క్రేటు, అదే కడుగుడు, అదే లారీ. మారినదల్లా వాపసు అంకె. ఈ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే. వాటి స్థానంలో మీ సొంత అంకెలను పెట్టుకుని చూసేదాకా ఎవరి మాటా నమ్మకండి, నా మాటతో సహా.

మీ అనుభవం వృథా పోదని కూడా చెప్పాలి. విరిగిన చెక్కను మార్చడం, ఊడిన కీలును బిగించడం, ఏ పెట్టె ఏ చోట ఎక్కువగా దెబ్బతింటోందో గమనించి అక్కడ మందం పెంచడం వంటి పనులు అద్దె వ్యాపారంలో ప్రతిరోజూ ఉంటాయి, వాటిని తయారీదారు కన్నా బాగా చేయగలవారు లేరు. ఒప్పందంలో మాత్రం మూడు సంగతులు స్పష్టంగా రాసుకోండి. పెట్టె ఎన్ని రోజులలో వెనక్కి రావాలి. గడువు దాటితే రోజుకు ఎంత. పోతే లేదా విరిగితే ఎవరు భరించాలి. అద్దె పెట్టెలను గిడ్డంగిలో అరలుగా, బల్లలుగా వాడుకునేవారు అన్ని చోట్లా ఉంటారు. గడువుకు వెల లేకపోతే పెట్టె వారి దగ్గరే స్థిరపడుతుంది.

ప్రశ్న: అద్దె పద్ధతిలో మొదలుపెట్టాలంటే ఎన్ని పెట్టెలు చేతిలో ఉండాలి? వాడుకునేవారి నుంచి డిపాజిట్ తీసుకోవడం మంచిదా? తీసుకుంటే దానిని ఆదాయంగా చూపవచ్చునా?
- కొత్తగా వ్యాపారంలోకి దిగుతున్న పాఠకుడు

జవాబు: రోజుకు వెయ్యి పెట్టెలు బయటికి వెళతాయనుకోండి. ఒక పెట్టె వెళ్లి, ఖాళీ అయి, తిరిగి వచ్చి, కడిగి మళ్లీ నింపడానికి సిద్ధమయ్యేసరికి ముప్పై రోజులు పడితే మీకు కనీసం ముప్పై వేల పెట్టెలు కావాలి. ఆ ముప్పై రోజులను ఇరవైకి తగ్గించగలిగితే ఇరవై వేలు చాలు. పది వేల పెట్టెల పెట్టుబడి అక్కడే మిగిలింది. గిరాకీ ఒక్కసారిగా పెరిగే రోజుల కోసం కొంత నిల్వ, మరమ్మతులో ఉన్న వాటి కోసం మరికొంత దీనికి కలపాలి. పోయేవాటి సంగతి మరచిపోకూడదు. నూటికి అయిదు పోతుంటే రోజుకు యాభై, నెలకు పదిహేను వందల కొత్త పెట్టెలు కొంటూనే ఉండాలి. కాగితంపై లాభం కనిపించిన వ్యాపారం నగదు చాలక ఆగిపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. పెట్టెను తిరిగి రాబట్టడం గురించి అందరూ మాట్లాడతారు, త్వరగా తిరిగి రాబట్టడం గురించి మాట్లాడేవారు తక్కువ.

డిపాజిట్ తీసుకోవడం మంచిదే. అయితే అది మీ ఆదాయం కాదు, పెట్టె వెనక్కి వచ్చిన రోజున తిరిగి ఇవ్వవలసిన బాకీ. ఖాతాలలో దానిని బాకీగానే చూపాలి. వెనక్కి రాని పెట్టెల డిపాజిట్‌ను చూసుకుని మురిసిపోవడం ప్రమాదకరం. ఆ సొమ్ము పెట్టె ఖరీదుకన్నా తక్కువైతే ప్రతి ‘మిగులు’ వెనుకా ఒక నష్టం ఉన్నట్టే. మరీ ఎక్కువ పెడితే వాడుకునేవారు మొదటే వెనక్కి తగ్గుతారు.

డిపాజిట్ ఏమి చేయగలదో, ఏమి చేయలేదో జర్మనీ అనుభవం చక్కగా చూపుతుంది. అక్కడ 2003 నుంచి ఒక్కసారి వాడే పానీయాల సీసాలపై, డబ్బాలపై డిపాజిట్ తప్పనిసరి అయింది. ఇప్పుడు అది 25 యూరో సెంట్లు. నూటికి తొంభై అయిదుకు పైగా ఖాళీలు వెనక్కి వస్తున్నాయి. అయితే మళ్లీ నింపి వాడే సీసాల వాటా ఆ తరువాత పెరగకపోగా తగ్గింది. డిపాజిట్ ఖాళీ సీసాను రప్పించింది గానీ, దానిని కడిగి నింపాలా, నలిపి కరిగించాలా అన్న నిర్ణయాన్ని మార్చలేకపోయింది. వాపసు యంత్రంలో వేసిన మరుక్షణం ఒక్కసారి వాడే సీసా నలిగిపోతుంది. చట్టం చేసినవారు ఆశించినది వేరు, జరిగినది వేరు.

నార్వే మరో దారి తొక్కింది. డిపాజిట్‌తో పాటు పానీయాల ప్యాకేజింగ్‌పై అక్కడ పర్యావరణ పన్ను ఉంది. ఖాళీలు ఎంత ఎక్కువ శాతం వెనక్కి వస్తే పన్ను అంత తగ్గుతుంది. 95 శాతానికి చేరితే పూర్తిగా పోతుంది. దీనితో ఖాళీలను రాబట్టే శ్రద్ధ తయారీదారులకే పుట్టింది. నా దృష్టిలో డిపాజిట్ ఒక్కటే పెట్టి ఊరుకోవడం కన్నా ఇది తెలివైన ఏర్పాటు, ఎందుకంటే వాడుకరికీ తయారీదారుకూ ఇద్దరికీ ఒకే దిశలో లాగే తాడు కట్టినట్టయింది.

ప్రశ్న: గాజు సీసాను వెనక్కి తెచ్చి, వేడినీళ్లతో కడిగి, మళ్లీ నింపి పంపడానికి అయ్యే ఇంధనం, నీరు చూస్తే, దానిని కరిగించి కొత్త సీసా చేసుకోవడమే మేలని నాకు అనిపిస్తుంది. నిజమేనా?
- వాణిజ్యశాస్త్ర విద్యార్థిని

జవాబు: రెండు ఉష్ణోగ్రతలను పక్కపక్కన పెట్టి చూడండి. సీసాను కడగడానికి కాస్టిక్ సోడా కలిపిన నీటిని సుమారు 80 డిగ్రీల దాకా వేడి చేస్తారు. గాజును కరిగించే కొలిమి సుమారు 1500 డిగ్రీల దగ్గర రాత్రింబవళ్లు మండుతూ ఉండాలి. ముడిసరుకులో పాత గాజు పెంకులు కలిపితే కొలిమి ఖర్చు తగ్గే మాట నిజమే. ప్రతి పది శాతం పెంకులకూ ఇంధనం రెండున్నర నుంచి మూడు శాతం ఆదా అవుతుంది. అంటే మొత్తం పెంకులతోనే చేసినా దాదాపు నాలుగింట మూడు వంతుల ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది. అల్యూమినియం సంగతి వేరు. ఖనిజం నుంచి తీయడానికి పట్టే శక్తిలో అయిదు శాతంతోనే పాత డబ్బా కొత్త లోహమవుతుంది. అందుకని అల్యూమినియం డబ్బాకు కరిగించడం సహజమైన దారి, గాజు సీసాకు కడగడం సహజమైన దారి.

అయితే మీ సందేహంలో పట్టించుకోవలసిన అంశం ఒకటుంది, అది దూరం. గాజు బరువైనది. ఖాళీ సీసాలతో నిండిన లారీ మోసుకొచ్చేది చాలామటుకు గాలినే. నింపే కర్మాగారం దగ్గరలో ఉంటే కడిగి నింపడం స్పష్టంగా గెలుస్తుంది. దూరం వందల కిలోమీటర్లు దాటే కొద్దీ ఆ గెలుపు కరిగిపోతుంది, ఒక దశలో తేలికైన ప్లాస్టిక్ సీసాయే నయమని లెక్క తేలవచ్చు. ‘మళ్లీ వాడేది ఎప్పుడూ మంచిదే’ అనేవారు దూరం అడగకుండా తీర్పు చెబుతున్నారన్నమాట.

దూరానికి జర్మనీలోని మినరల్ వాటర్ సంస్థలు కనుగొన్న విరుగుడు చూడదగినది. అవి సహకార సంఘంగా కలిసి 1969లో గుంటర్ కుపెట్జ్ రూపొందించిన ఒకే గాజు సీసాను అందరికీ ఉమ్మడిగా తీసుకున్నాయి. మెడ దిగువన బుడగల్లాంటి చిన్న గాజు ముత్యాలు ఉబికి ఉండే సీసా అది. ఎవరు నింపిన సీసా అయినా ఆకారం ఒకటే కాబట్టి, ఖాళీ అయినది దానిని మొదట నింపిన కర్మాగారానికే తిరిగి వెళ్లనక్కరలేదు. దగ్గరలో ఉన్నది ఏదైతే దానికి వెళుతుంది. తేడా అంతా చీటీలో, మూతలో ఉంటుంది. ఇటువంటి సీసాలు యాభైసార్ల దాకా నింపడానికి పనికివస్తాయి. తన సీసా ఆకారమే తన గుర్తింపు అని పట్టుబట్టే కంపెనీకి ఈ సౌలభ్యం దొరకదు. ఆకారంపై మమకారానికి లారీ కిరాయి రూపంలో వెల చెల్లించవలసిందే.

నేను ఒకసారి సీసాలు నింపే కర్మాగారంలో కడిగిన సీసాలు వరుసగా కదిలిపోయే చోట కొంతసేపు నిలబడ్డాను. చాలా సీసాలకు భుజం దగ్గర ఒకటి, అడుగు దగ్గర ఒకటి తెల్లటి గీరుడు వలయాలు ఉన్నాయి. పక్క సీసాలతో రాసుకుని రాసుకుని ఏర్పడిన వలయాలవి. అక్కడి పనివారు సీసాను చేతిలోకి తీసుకోకుండానే ఆ వలయం వెడల్పు చూసి అది ఎంత తిరిగిందో చెప్పేస్తున్నారు. పగుళ్లు, అడుగున మిగిలిన చెత్త కెమెరాలకు దొరికిపోతాయి. వలయం మాత్రం లోపం కాదు, బలాన్ని పెద్దగా తగ్గించదు కూడా. కానీ కొనేవారికి అది పాత సీసాలా కనబడుతుంది. కొన్ని కంపెనీలు వలయం పడే చోటనే అలంకారపు గీత ఉబికేట్టు అచ్చు వేయించుకుంటాయి, ఆ ఉబుకే రాపిడిని భరిస్తుంది. మళ్లీ వాడే పెట్టెను రూపొందించేవారికి ఇటువంటి చూపు కావాలి. కొత్తగా ఉన్నప్పుడు ఎలా కనిపిస్తుందన్నది అందరూ చూస్తారు. ముప్పైవసారి ఎలా కనిపిస్తుందో ముందే ఊహించాలి.

ప్రశ్న: ప్లాస్టిక్ డబ్బా అడుగున బాణాల త్రిభుజం, అందులో ఒక అంకె ఉంటుంది. అది ఉంటే రీసైకిల్ అవుతుందని అర్థమేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: కాదు. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో ఆ త్రిభుజంలో రీసైక్లింగ్ హామీ అంత. మూడు బాణాల చిహ్నాన్ని 1970లో గ్యారీ ఆండర్సన్ అనే 23 ఏళ్ల విద్యార్థి అమెరికాలోని ఒక అట్టపెట్టెల కంపెనీ పెట్టిన పోటీ కోసం గీశారు. 1988లో అక్కడి ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం అటువంటి బాణాల మధ్యనే అంకెలు పెట్టి ప్లాస్టిక్ రకాలకు గుర్తులుగా తెచ్చింది. ఒకటి అంటే పెట్ (పానీయాల సీసాల ప్లాస్టిక్), రెండు అంటే అధిక సాంద్రత పాలిథిన్, మూడు పీవీసీ, అయిదు పాలీప్రొపిలీన్, ఏడు అంటే ‘మిగిలినవన్నీ’. అంకె చెప్పేది పదార్థం పేరు మాత్రమే. ఈ గందరగోళం చూసే 2013లో ప్రమాణాల సంస్థ బాణాలు తీసివేసి మామూలు త్రిభుజం వాడమంది, అయినా పాత అచ్చులతో బాణాలు వస్తూనే ఉన్నాయి. ఐరోపాలో పుట్టిన గ్రీన్ డాట్ కూడా ఇటువంటిదే. ఆ ప్యాకేజింగ్ సేకరణ వ్యవస్థకు కంపెనీ రుసుము కట్టిందని మాత్రమే దాని అర్థం.

ప్రశ్న: మాది పాత ప్లాస్టిక్ సీసాలను తునకలు చేసి, కడిగి, గుళికలుగా మార్చే చిన్న కర్మాగారం. చమురు ధర పడిపోయిన ప్రతిసారీ కొత్త ప్లాస్టిక్ మా గుళికలకన్నా చవకవుతుంది, కొనేవారు ముఖం చాటేస్తారు. ఈ వ్యాపారం ఎలా నిలబడాలి?
- రీసైక్లింగ్ రంగంలోని పాఠకుడు

జవాబు: మీ కష్టానికి మూలం మీ కర్మాగారంలో లేదు. కొత్త ప్లాస్టిక్ ధర చమురుతో పాటు పడుతుంది, మీ ఖర్చు మాత్రం సేకరణ, ఏరివేత, కడుగుడు, కరెంటుతో ముడిపడి ఉంటుంది, అది చమురుతో పాటు అంతగా దిగదు. ప్యాకేజింగ్ ప్లాస్టిక్ విలువలో 95 శాతం ఒక్కసారి కొద్దికాలం వాడగానే పోతోందని, వర్తుల ఆర్థిక వ్యవస్థను ప్రచారం చేసే ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2016లో అంచనా వేసింది. 2015 దాకా ప్రపంచంలో పోగుపడిన దాదాపు 630 కోట్ల టన్నుల ప్లాస్టిక్ వ్యర్థాలలో రీసైకిల్ అయినది సుమారు 9 శాతమేనని 2017లో వెలువడిన అధ్యయనం తేల్చింది. మార్కెట్‌కు వదిలేసి ఊరుకుంటే ఇంతకన్నా మెరుగవుతుందని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

కాబట్టి మీవంటి కర్మాగారాలకు స్థిరమైన గిరాకీ ఎక్కువగా చట్టం వల్లనే పుడుతోంది. ఐరోపా సమాఖ్య 2019 నాటి ఆదేశంలో 2025 నుంచి పెట్ పానీయాల సీసాలలో కనీసం 25 శాతం, 2030 నుంచి అన్ని ప్లాస్టిక్ పానీయాల సీసాలలో 30 శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ఉండాలని పెట్టింది. 2025లో వచ్చిన కొత్త ప్యాకేజింగ్ నిబంధనావళి 2026 ఆగస్టు 12 నుంచి వర్తిస్తుంది; అది 2030 నాటికి మార్కెట్లోకి వచ్చే ప్యాకేజింగ్ అంతా రీసైకిల్ చేయదగినదై ఉండాలంటోంది. రెండవ మార్గం తయారీదారుల నుంచి రుసుము వసూలు చేయడం. ఉత్పత్తిదారు బాధ్యత అమ్మకంతో ముగియదన్న ఈ సూత్రాన్ని 1990లో స్వీడన్‌లో థామస్ లిండ్‌క్విస్ట్ ప్రతిపాదించారు. 1991లో జర్మనీ దానిని ప్యాకేజింగ్‌పై చట్టంగా అమలు చేసింది. రీసైకిల్ చేయడం కష్టమైన ప్యాకేజింగ్‌కు ఎక్కువ, సులభమైన దానికి తక్కువ రుసుము పెడితే, మీ దగ్గరికి వచ్చే సరుకు నాణ్యత కూడా బాగుపడుతుంది.

ఆ నాణ్యత గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ధరలో సగం కథ అక్కడే ఉంది. మీకు తెలిసిన విషయమే అయినా మిగిలిన పాఠకుల కోసం రాస్తున్నాను. తునకలను నీటి తొట్టెలో పోస్తే పెట్ మునుగుతుంది, మూతల పాలిథిన్, పాలీప్రొపిలీన్ తేలుతాయి. ఇంత చవకైన ఏరివేత మరొకటి లేదు. ఇప్పుడు సీసా చుట్టూ పీవీసీ తొడుగు ఉందనుకోండి; అది కూడా పెట్‌తో పాటే మునుగుతుంది. పెట్ కరిగే వేడికి పీవీసీ మాడి గుళికలను పసుపు చేస్తుంది, వాటిలో నల్లటి చుక్కలు పడతాయి. కొనుగోలుదారు ఆ చుక్కలు చూసే ధర తగ్గిస్తాడు. నల్లటి ప్లాస్టిక్ ట్రేలది ఇంకో తంటా. సెకనుకు రెండు మూడు మీటర్ల వేగంతో కదిలే బెల్టుపై పరారుణ కిరణాల సాయంతో యంత్రం ప్లాస్టిక్ రకాన్ని గుర్తుపట్టి గాలి ఊది వేరు చేస్తుంది. నల్లరంగు కోసం కలిపే కార్బన్ బ్లాక్ ఆ కిరణాలను మింగేస్తుంది. యంత్రం దృష్టిలో ఆ ట్రే లేనట్టే, తిన్నగా చెత్తలోకి పోతుంది. ప్లాస్టిక్‌కూ అల్యూమినియం రేకుకూ పొరలు అతికించిన సంచులైతే విడదీసే దారే దాదాపుగా లేదు.

అందువల్ల మీకు నా సలహా ఒకటే. బజారులో దొరికిన సరుకంతా కొని గుళికలు చేసి, ఆ రోజు ధరకు అమ్మే పద్ధతి నుంచి బయటపడండి. సీసాలు నింపే కంపెనీ ఒకదానితో దీర్ఘకాల ఒప్పందం చేసుకోండి. వారి చీటీ, జిగురు, మూత, రంగు ఏవి ఉండాలో చెప్పే హక్కు మీకు ఉండాలి. బదులుగా వారి సీసాలను వారి సీసాలుగానే తిరిగి ఇస్తామని మీరు మాట ఇవ్వాలి. ధరను చమురు సూచికతో కాకుండా మీ ఖర్చుతో ముడిపెట్టండి. ఒప్పుకోవడం కష్టమే. కానీ కనీస శాతం నిబంధన ఉన్న చోట సరుకు దొరకదేమోనన్న భయం వారికీ ఉంటుంది. చైనా 2018 జనవరి నుంచి విదేశీ ప్లాస్టిక్ వ్యర్థాల దిగుమతిని ఆపినప్పుడు, సొంత కర్మాగారాలు లేని దేశాలలో నొక్కి కట్టిన వ్యర్థాల బేళ్లు గుట్టలుగా పేరుకుపోయాయి. దగ్గరలో నమ్మకమైన కర్మాగారం ఉండడానికి ఉన్న విలువ చాలామందికి అప్పుడు గాని తెలిసిరాలేదు.

ప్రశ్న: మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ వాడితే ఈ బాధలన్నీ ఉండవు కదా?
- ఒక పాఠకుడు

జవాబు: మొక్కజొన్న వంటి పంటల పిండిపదార్థం నుంచి చేసే పీఎల్ఏ వంటివి పెద్ద కంపోస్టు కర్మాగారాలలోని 58 డిగ్రీల వేడిలో, తేమలో శిథిలమవుతాయి. పెరటి మట్టిలోనో సముద్రంలోనో పారేసి కలిసిపోతుందని ఎదురుచూడడం గాలిలో దీపం పెట్టినట్టే. పైగా చూడడానికి పెట్‌లాగే ఉండి దానిలో కలిసిపోతే, పై ఉత్తరం రాసిన పాఠకుడి గుళికలను పాడుచేస్తుంది. తిండి పదార్థాలు అంటుకుపోయి ఎలాగూ కంపోస్టుకే వెళ్లవలసిన సంచులకు, చీటీలకు ఇది సరైనది. మిగిలిన చోట్ల కాదు.

ప్రశ్న: ఇంటికి సరుకు పంపి ఖాళీ డబ్బాలు తిరిగి తీసుకుపోయే కంపెనీల గురించి కొన్నేళ్ల క్రితం చాలా విన్నాము. ప్యాలెట్లు విజయవంతంగా తిరుగుతున్నప్పుడు ఇంటి డబ్బాలు ఎందుకు తిరగడం లేదు?
- సరఫరా రంగంలో పనిచేసే పాఠకురాలు

జవాబు: మీరు చెబుతున్న వాటిలో పేరున్నది టెర్రాసైకిల్ సంస్థ 2019లో ప్రారంభించిన లూప్. పేరున్న కంపెనీల సరుకును గట్టి డబ్బాలలో ఇంటికి పంపి, ఖాళీలను తీసుకుపోయి, కడిగి నింపడం దాని పద్ధతి. ఆన్‌లైన్‌లో మొదలైన ఆ పద్ధతి తరువాత దుకాణాలలో కొని దుకాణాలలోనే తిరిగి ఇచ్చే ఏర్పాటు వైపు మళ్లింది. ఆ మళ్లింపులోనే మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఉంది.

ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ పునర్వినియోగాన్ని నాలుగు రకాలుగా చూస్తుంది. ఇంట్లోనే నింపుకోవడం, బయట నింపుకోవడం, ఇంటి నుంచి తిరిగి ఇవ్వడం, బయట తిరిగి ఇవ్వడం. వీటిలో ఇంటి నుంచి తిరిగి తీసుకోవడం అన్నిటికన్నా ఖరీదైనది, ఎందుకంటే ఒక్కో గుమ్మం దగ్గర నాలుగైదు డబ్బాల కోసం బండి ఆగాలి. ప్యాలెట్లయితే ఒక్క గిడ్డంగిలో వందల కొద్దీ దొరుకుతాయి. ఆ గిడ్డంగికీ కర్మాగారానికీ మధ్య లారీ ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది. ఖాళీలు ఆ లారీకి తిరుగు సరుకు. ఇంటి డబ్బాకు అటువంటి తిరుగు బండి ఉండదు, దాని కోసమే బయలుదేరాలి. రెండవది, గిడ్డంగి నడిపేవారు ఒప్పందం మీద సంతకం పెట్టినవారు, పోయిన ప్యాలెట్‌కు బిల్లు కడతారు. ఇంట్లో డబ్బా అలమరలో చేరి చక్కెర పోసుకోవడానికి ఉపయోగపడుతుంటే అడిగేదెవరు? డబ్బా ఎంత అందంగా ఉంటే అది అంత తేలికగా ఇంట్లో ఉండిపోతుంది. రూపకర్తలకు ఇది కొరుకుడుపడని సంగతి.

వీటిలో ఇంట్లో నింపుకునే పద్ధతి తక్కువ ఆర్భాటంతో పనిచేస్తుంది. శుభ్రపరిచే ద్రవాలలో ఎక్కువ భాగం నీరే కాబట్టి, గాఢమైన సారాన్ని చిన్న పొట్లంలోనో బిళ్ల రూపంలోనో పంపితే, వాడుకునేవారు ఇంట్లో ఉన్న పాత సీసాలోనే నీళ్లు కలుపుకుంటారు. డబ్బా వెనక్కి రావలసిన అవసరమే లేదు, లారీ నీటిని మోయనక్కరలేదు.

మీరు సరఫరా రంగంలో ఉన్నారు గనుక, ఇల్లు గాక మరెక్కడ మొదలుపెట్టవచ్చునో చెబుతాను. వాడేవారు ప్రాంగణం దాటి బయటికి వెళ్లని చోట్లు వెతకండి. కార్యాలయాల భోజనశాలలు, ఆసుపత్రులు, విమానాలు, క్రీడా మైదానాలు ఇటువంటివి. గేటు దగ్గరే ఖాళీ గ్లాసు తీసుకోవచ్చు, కడిగే యంత్రం అదే ఆవరణలో పెట్టవచ్చు, వాపసు శాతం మొదటి వారంలోనే తెలిసిపోతుంది. అక్కడ తొంభై అయిదు దాటకపోతే బయట దాటుతుందని ఆశపడకండి. దాటితే, ఆ ప్రాంగణానికి ఇప్పటికే రోజూ వచ్చిపోయే మీ బండి ఏ ఏ గుమ్మాల ముందు ఆగుతుందో జాబితా రాసుకోండి. తరువాతి చోటు అందులోనే ఉంటుంది.